వాలు మారిన గీత

"నేనే చంపాను" అని ఆ అమ్మాయి మూడోసారి అనేసరికి ఇన్స్పెక్టర్ కలానికి మూత పెట్టేశాడు. ఇక రాసుకోవడానికేమీ మిగల్లేదన్నట్టు కుర్చీలో వెనక్కి వాలి, కిటికీ దగ్గర నిలబడ్డ చిన్నపాటి మనిషి వైపు చూశాడు.

"విన్నారుగా మేడమ్. నేను బెదిరించలేదు, గదమాయించలేదు. తనంతట తనే అంటోంది."

"విన్నాను. ఎలా చంపిందో కూడా చెప్పిందా?"

"ఏడుస్తోంది కదా, ఎలా చెప్తుంది?"

"మరి నువ్వేం రాసుకున్నావు?"

ఇన్స్పెక్టర్ మొహం ముడుచుకుంది. డిపార్ట్‌మెంట్‌లో ఉన్న రోజుల్లో ఆమెను చాటుగా చీమ అనేవారు. మనిషి చిన్నది, మూత ఎంత గట్టిగా బిగించినా డబ్బాలోకి దూరిపోయేది. రిటైరై సొంతంగా కేసులు పట్టడం మొదలుపెట్టాక ఆ పేరు చాటు వదిలేసి బయటికే వచ్చేసింది. ఆమె కూడా ఏమీ అనుకోలేదు. ఈ ఇన్స్పెక్టర్ ఒకప్పుడు ఆమె కింద పనిచేసినవాడే. ఆమె దగ్గర పని నేర్చుకున్నాడు, చివాట్లూ తిన్నాడు. పని మరిచిపోయాడేమో గానీ చివాట్లు మాత్రం మరిచిపోలేదు.

"చూడండి మేడమ్" అన్నాడు లేచి నిలబడుతూ. "నిన్న మూడింటికి ఈ ఇంట్లో పెద్ద గొడవ. ఎదురింటావిడ విన్నది. 'నువ్వు చచ్చినా ఒప్పుకోవు' అని ఈ అమ్మాయి అరిచి, తలుపు ధడాల్న వేసి వీధిలోకి పరిగెత్తింది. ఐదున్నరకి మళ్ళీ వచ్చి, మేనమామ, అదే మన చిత్రకారుడు మాస్టారు, చచ్చిపడున్నాడని తనే కేకలు పెట్టింది. మూడుకీ ఐదుకీ మధ్య ప్రాణం పోయిందని డాక్టర్ అంటున్నాడు. మాస్టారు మేడ మీద నిచ్చెనెక్కి బొమ్మ వేస్తున్నాడు. మాటా మాటా పెరిగింది. కోపంలో నిచ్చెన లాగేసింది. తల సిమెంటు గట్టుకి కొట్టుకుంది. కుంచె చేతిలో ఉండగానే పోయాడు. ఇందులో మీకు అర్థం కానిది ఏముంది?"

"నాకు అర్థం కానివి చాలా ఉంటాయి. అందుకే మెల్లగా వెళ్తాను."

"ఆడ కానిస్టేబుల్ జీపులో వస్తోంది. జీపు వచ్చేలోగా మీరు చూసుకునేదేదో చూసుకోండి. ఆ తర్వాత అమ్మాయిని తీసుకెళ్ళిపోతాను."

చీమ ఆ అమ్మాయి వైపు చూసింది. ఇరవై ఆరేళ్ళుంటాయి. బడిలో పిల్లలకు బొమ్మలు నేర్పుతుంది. తల్లి పోయిన దగ్గర్నుంచి ఈ పెద్ద మావయ్య ఇంట్లోనే పెరిగింది. జుట్టు దువ్వుకోలేదు. చున్నీ కొసను వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టుకుంటోంది. హంతకులను చీమ చాలామందినే చూసింది. వాళ్ళు తమను తాము కాపాడుకోవడానికి ఎక్కడో ఒకచోట చిన్న ప్రయత్నమైనా చేస్తారు. ఈ పిల్లలో ఆ ప్రయత్నమే లేదు. శిక్ష ఎంత తొందరగా పడితే అంత బాగుండునన్నట్టు కూర్చుంది.

ఆ ఇంట్లో పొద్దుట్నుంచి చీమ మాట్లాడిన ప్రతి ఒక్కరూ తప్పు తమదేనన్నారు. గొడవ విని కూడా వెళ్ళి అడగలేదే అని ఎదురింటావిడ కళ్ళొత్తుకుంది. పనిమనిషి తను ఆ మధ్యాహ్నం తొందరగా వెళ్ళిపోయినందుకే ఇలా జరిగిందని గోడకు తల ఆనించుకుంది. ఇంతమంది నేరం నెత్తినేసుకుంటుంటే అసలు నేరం చేసినవాణ్ణి ఏరడం ఎలాగో ఆమెకు తోచలేదు.

చీమ ముందుగదిలోకి రాగానే చిన్న మావయ్య ఎదురొచ్చాడు. మాస్టారి తమ్ముడు ఈయనే. వేరే పేటలో ఉంటాడు. సొంతంగా ఒక హాలు నడుపుతూ అన్నగారి చిత్రాలకు ప్రదర్శనలు ఏర్పాటు చేస్తుంటాడు. వచ్చే నెలలోనూ ఒక పెద్ద ప్రదర్శన ఉంది. తెల్లవారగానే చీమ ఇంటికొచ్చి, మేనకోడల్ని కాపాడమని చేతులు పట్టుకున్నది ఆయనే. ఆరడుగుల మనిషి, ఇస్త్రీ చొక్కా. కళ్ళు మాత్రం రాత్రంతా మూతపడనట్టు ఎర్రగా ఉన్నాయి.

"కాఫీ పెట్టించాను, తాగండి మేడమ్. ఏమంటున్నాడు ఆయన?"

"తీసుకెళ్తానంటున్నాడు."

"అన్యాయం కదండీ. మీరే చెప్పండి. ఆ పిల్లని చూశారుగా, నీళ్ళ బకెట్ ఎత్తడానికే రెండు చేతులూ కావాలి. అంత బరువు నిచ్చెన మెట్లెక్కించి, గోడకానించి నిలబెట్టి... తన వల్ల అయ్యే పనేనా అది?"

"నిన్న మధ్యాహ్నం మీరెక్కడున్నారు?"

"హాల్లోనే. గోడలకు రంగులేయిస్తున్నాను. ఫోనొచ్చాకే పరిగెత్తుకొచ్చాను." గొంతు సవరించుకున్నాడు. "ప్రమాదమే అయ్యుంటుందండీ. అన్నయ్య తూలి పడి ఉంటాడు. డెబ్బై దాటిన మనిషి. ఆ సంగతి మీరు తేల్చేస్తే చాలు, పిల్ల బయటపడుతుంది."

చీమ తలూపి కాఫీ తాగింది. మేనకోడలి మీద ప్రేమతో ఆయన ఆత్రపడుతున్నాడనే అప్పటికి అనుకుంది.

మేడ మీదికి మెట్లు సన్నగా ఉన్నాయి, మధ్యలో ఒక మలుపు. చీమ ముందు నడిచింది, ఇన్స్పెక్టర్ వెనక. మలుపు దగ్గర ఆమె ఆగింది. గోడకు ఇన్స్పెక్టర్ భుజమెత్తున ఒక గీరుడు. సున్నం ఊడి లోపలి ఇటుక ఎర్రగా కనబడుతోంది. కింద మెట్టు మీద తెల్లటి పొడి రాలి ఉంది. మిగతా మెట్లన్నీ తుడిచినట్టు శుభ్రంగా ఉన్నాయి.

"ఇది చూశావా?"

"పాత ఇల్లు మేడమ్. గోడలు రాలుతుంటాయి."

"ఒక్కచోటే రాలుతుందా?"

అతను పక్కనుంచి దాటి పైకెళ్ళిపోయాడు.

గది పెద్దది, వెలుతురు బాగా వస్తుంది. ఎదురు గోడంతా ఒకే చిత్రం, వాన కురుస్తున్న వీధి. పై భాగం పూర్తి కాలేదు. దాని ముందు బరువైన కర్ర నిచ్చెన పక్కకు పడి ఉంది. సిమెంటు గట్టు మీద నల్లబడిన మరక. శవం ఎలా పడి ఉందో సుద్దతో గీసిన గుర్తు. సంచిలో భద్రం చేసిన కుంచెను ఇన్స్పెక్టర్ పైకెత్తి చూపించాడు. మొన మీద నీలిరంగు గట్టిపడి ఉంది.

"కుడి చేతి వేళ్ళ మధ్య ఉంది. ఫోటోలున్నాయి."

చీమ చిత్రం దగ్గరికి వెళ్ళి పైనుంచి కిందిదాకా వేలి చివరతో తాకింది. ఎక్కడా తడి లేదు, వాసన కూడా లేదు. రంగు ఎండిపోయి చాలా రోజులైనట్టుంది. బల్ల మీద రంగులు కలిపే పలకలో నీలిరంగు ముద్ద ఒకటి ఉంది. గొట్టం నొక్కగా పడిన ముద్ద పడినట్టే ఉంది. పక్కన ఇంకో రంగు లేదు, దేనితోనూ కలిపిన జాడ లేదు.

"వాన నీళ్ళ బూడిదరంగు చూడు. ఇందులో ఎన్ని రంగులు కలిసున్నాయో. ఇంత ఓపిగ్గా కలిపే మనిషి గొట్టంలోంచి పిండిన పచ్చి నీలం పట్టుకుని నిచ్చెనెక్కుతాడా?"

"కళాకారులు మేడమ్. వాళ్ళ సంగతి మనకేం తెలుస్తుంది?"

"తెలుసుకుంటే తెలుస్తుంది."

ఆమె కళ్ళు గది మూలకు తిరిగాయి. అక్కడ ఒక కుర్చీ, మోకాళ్ళ ఎత్తు బల్ల. కుర్చీ చేతులు అరిగి నున్నబడ్డాయి. మాస్టారు రోజంతా గడిపే చోటు అదేనని చూడగానే తెలుస్తోంది. బల్ల మీద నాలుగు మడతలు పెట్టిన తువ్వాలు, రెండు పెన్సిళ్ళు, మొనలు చెక్కే చాకు, అట్ట చివికిన స్కెచ్ పుస్తకం. గోడవారగా అలాంటి పుస్తకాలే వరసగా పేర్చి ఉన్నాయి, ఏళ్ళ తరబడి నిండినవి.

బల్ల మీది పుస్తకం తెరిచేటప్పుడు ఏదో గొప్ప బొమ్మలు చూడబోతున్నానని చీమ అనుకుంది. ఆయన చిత్రాలంటే ఎక్కడెక్కడి నుంచో వచ్చి చూసేవారు మరి. తెరిచాక కనబడింది కాఫీ కప్పు. తర్వాతి పేజీలో కారుతున్న కుళాయి. ఆ తర్వాత గడప దగ్గర విడిచిన చెప్పులు, ఒకదాని మీదొకటి ఎక్కినట్టు. తలుపు గడియ. మేనకోడలి జడ, మొహం లేకుండా జడ ఒక్కటే. మళ్ళీ కాఫీ కప్పు.

ప్రతి పేజీ పైనా సున్నాల వరస ఉంది. పాట పాడేవాళ్ళు పొద్దున్నే గొంతు సవరించుకున్నట్టు ఈయన చెయ్యి సవరించుకునేవాడన్నమాట. గీత తప్పితే చెరపలేదు. గదంతా వెతికినా రబ్బరు ముక్క ఒక్కటి దొరకలేదు. తప్పు గీతను అలాగే ఉంచి, దాని పక్కన ఇంకోటి గీశాడు. అదీ నచ్చకపోతే మరొకటి. చెప్పు పట్టీ ఒక్కటే ఆరేడుసార్లు వేశాడు. చివరిది మాత్రమే చెప్పు పట్టీ, ముందున్నవన్నీ దానికి దారి. ఊహించి గీసింది ఒక్కటీ లేదు. ఆ రోజు కళ్ళెదుట ఏముంటే అది. గీయడానికి ఏమీ దొరకని రోజున బల్ల మీద ఆనించిన తన చేతినే గీసుకున్నాడు.

"చిన్నపిల్లల డ్రాయింగ్ పుస్తకంలా ఉంది" అన్నాడు ఇన్స్పెక్టర్ భుజం మీదుగా తొంగిచూసి. "దీనికోసమా జనం ఎగబడేది?"

"దీనికోసం కాదు. దీనివల్ల."

పుస్తకం సగానికి వచ్చేసరికి చీమ చెయ్యి ఆగిపోయింది. అక్కడి పేజీలో సున్నాలు సున్నాల్లా లేవు. నలిగిపోయిన కాగితపు ఉండల్లా ఉన్నాయి. కప్పు ఒరిగిపోయింది, దాని చెవి ఊడి గాల్లో వేలాడుతోంది. పెన్సిల్ ఒకచోట కాగితాన్ని చించేసింది. పేజీ తిప్పింది. అంతే. ఇంకో పేజీ. ఈసారి లేత చుక్కలతో ఎవరో ముందే గీసిపెట్టిన సున్నాలు, వాటి మీదుగా వణుకుతూ నడిచిన మందపాటి గీత. బడిలో పిల్లలకు అక్షరాలు దిద్దించే పద్ధతి. చుక్కలు పెట్టిన చెయ్యి వేరు, దిద్దిన చెయ్యి వేరు.

అలాంటివి పేజీలకు పేజీలు. కానీ ఆ నలిగిన సున్నాలు మెల్లమెల్లగా విచ్చుకున్నాయి. కప్పు నిలబడింది. చెవి అతుక్కుంది. చివరి పేజీల్లో గీత మునుపటంత చురుగ్గా లేదు గానీ, మునుపెన్నడూ లేని మెత్తదనం ఒకటి వచ్చింది.

చీమ మొదటి పేజీల్లోని కప్పునూ చివరి పేజీల్లోని కప్పునూ పక్కపక్కన పెట్టి చూసింది. ఏదో తేడా ఉంది. వస్తువు అదే, వెలుతురు అదే, నీడ అదే. నీడ వేసిన సన్నగీతల వాలు మాత్రం మారిపోయింది. ముందు వాటిలో కుడి పైనుంచి ఎడమ కిందికి దిగేవి, తర్వాతి వాటిలో ఎడమ పైనుంచి కుడి కిందికి దిగుతున్నాయి. ఆమె గబగబా వెనక్కి తిప్పింది. గీతలు వంకరపోయిన రోజునే వాలు కూడా మారింది. మళ్ళీ ఒక్కసారైనా పాత వాలు కనబడలేదు.

తర్వాత చేతుల బొమ్మలు వెతికింది. మొదటి సగంలో ఆయన గీసుకున్నవన్నీ ఎడమ చేతులు. రెండో సగంలో ఉన్నవన్నీ కుడి చేతులు. తువ్వాలు మడత మీద పడుకోబెట్టినట్టున్న కుడి చెయ్యి, వేళ్ళు సగం ముడుచుకుని.

"అమ్మాయిని పైకి పిలిపించు" అంది చీమ.

మేనకోడలు వచ్చి గుమ్మంలోనే నిలబడింది. సుద్ద గుర్తు వైపు చూడలేక కిటికీ వైపు చూసింది. చీమ కుర్చీ చూపించినా కూర్చోలేదు. అది మావయ్య కుర్చీ.

"ఈ చుక్కలు పెట్టింది నువ్వేనా?"

ఆ అమ్మాయి పుస్తకం వైపు చూసి పెదవి కొరుక్కుంది.

"ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నాడా?"

"మీకెలా తెలుసు?"

"నాకేమీ తెలీదమ్మా. ఆయనే చెప్తున్నాడు, ఇదిగో. కుడి చెయ్యి ఎప్పుడు పడిపోయింది?"

అప్పటిదాకా నేరం తప్ప ఇంకో మాట మాట్లాడని పిల్ల తలుపుకు చేరగిలబడి కిందికి జారి కూర్చుంది.

"రెండు నెలలైంది. పొద్దున్నే కుంచె పట్టుకుంటే జారిపోయింది. మళ్ళీ పట్టుకున్నాడు, మళ్ళీ జారింది. నవ్వాడండీ. 'చూడవే, దీనికి సెలవు కావాలంట' అన్నాడు. పక్క ఊరి డాక్టర్‌కి చూపించాం. ఇక రాదన్నాడాయన. చెంచా కూడా నిలిచేది కాదు. ఆ రోజు ఇంటికొచ్చి ఈ కుర్చీలో కూర్చుని, పెన్సిల్ ఎడమ చేతిలోకి తీసుకున్నాడు. 'నీ బడిలో ఒకటో తరగతికి ఏం నేర్పుతావో నాకూ అదే నేర్పు' అన్నాడు."

"ఎవరికి తెలుసు ఈ సంగతి?"

"నాకొక్కదానికే. చిన్న మావయ్యకి అసలు తెలియకూడదన్నాడు. 'వాడు నాకోసం హాలంతా సిద్ధం చేస్తున్నాడు. ఇది తెలిస్తే కుంగిపోతాడు. ఎడమ చెయ్యి దారికొచ్చాక నేనే చూపిస్తాను' అనేవాడు. ఎవరైనా వస్తే చెయ్యి తువ్వాల్లో చుట్టుకుని కూర్చునేవాడు."

"నిన్న గొడవ దేనికి?"

"దానికే. ప్రదర్శన దగ్గరపడుతోంది. చిన్న మావయ్య రోజూ ఫోన్ చేసి కొత్త బొమ్మలేవని నన్ను తిడుతున్నాడు. నేను అబద్ధాలు చెప్పలేక చస్తున్నాను. చెప్పెయ్యి మావయ్యా అన్నాను. వినలేదు. 'నీ చెయ్యి పోయిందని నువ్వు చచ్చినా ఒప్పుకోవు' అని అరిచేశాను." ఆమె చున్నీ కొసను మళ్ళీ వేలికి చుట్టుకుంది. "ఆ మాట పడలేకే నిచ్చెనెక్కాడు. చెయ్యి పనిచేస్తుందని నాకు చూపించాలని ఎక్కాడు. నేనే కదండీ ఎక్కించింది. నేనే చంపాను."

ఇన్స్పెక్టర్ నోరు తెరవబోయాడు. చీమ చెయ్యెత్తి ఆపింది.

"ఆ నిచ్చెన ఎప్పుడూ ఈ గదిలోనే ఉంటుందా?"

"లేదు. చెయ్యి పోయిన వారంలోనే నేను కిందికి దింపించేశాను, ఎక్కుతాడేమోనని భయమేసి. మెట్ల కింద పెట్టించాం. ఇద్దరు పట్టాల్సి వచ్చింది."

"మరి పైకి ఎవరు తెచ్చారు?"

"మావయ్యే..."

"ఒక చేత్తోనా?"

ఆ అమ్మాయి తలెత్తింది. నిన్నటి నుంచి తన మీద తాను వేసుకున్న నింద బరువులో ఆ ప్రశ్న ఆమెకు తట్టనే లేదు. నిచ్చెన వైపు చూసింది, చీమ వైపు చూసింది.

"ఇదంతా ఈ అమ్మాయి చెప్పే మాట" అన్నాడు ఇన్స్పెక్టర్. "ఎడమ చెయ్యి, కుడి చెయ్యి. పుస్తకంలో గీతలు చూసి చెయ్యి పడిపోయిందని నేను కోర్టులో ఎలా చెప్పను? మనిషి పెద్దవాడయ్యాడు, గీత వణికింది. అంతే."

చీమ ఒక తెల్లకాగితం బల్ల మీద పెట్టి, పెన్సిల్ అతని ముందుకు జరిపింది.

"ఇక్కడ నాలుగు గీతలు గియ్యి. నీడ వేసినట్టు, గబగబా."

"నేనా?"

"నువ్వే. స్టేషన్‌లో అందరికంటే వేగంగా రిపోర్ట్ రాసేవాడివి కదా."

అతను విసుక్కుంటూనే వంగి, పెన్సిల్ ఎడమ చేత్తో తీసుకున్నాడు. ఇన్స్పెక్టర్‌ది పుట్టుకతోనే ఎడమచేతి వాటం. ఆ సంగతి చీమకు మొదటి రోజు నుంచీ తెలుసు. నాలుగు గీతలు బరబరా గీశాడు. ఆమె వాటి కింద కుడి చేత్తో ఇంకో నాలుగు గీసింది. అతని గీతలు ఒక పక్కకు వాలాయి, ఆమెవి రెండో పక్కకు. అప్పుడు స్కెచ్ పుస్తకం తెరిచి రెండు కప్పుల బొమ్మలూ వాటి పక్కన పెట్టింది.

ఇన్స్పెక్టర్ పుస్తకం తన వైపు తిప్పుకున్నాడు. పేజీలు తనే తిప్పాడు. ముందుకు, వెనక్కి, మళ్ళీ ముందుకు.

"వణుకు వయసువల్ల రావచ్చు" అంది చీమ. "వాలు వయసుతో మారదు. చెయ్యి మారితేనే మారుతుంది. చెంచా నిలవని చేతిలో కుంచె ఎలా నిలిచింది? ఎవరో వేళ్ళు ముడిచి పెట్టారు కాబట్టి. ఆయన ఇంకా కుడి చేత్తోనే వేస్తున్నాడని నమ్మేవాళ్ళు పెట్టారు."

"తెలిసినవాళ్ళు కూడా పెట్టొచ్చు మేడమ్." అతను తేలిగ్గా వదిలే రకం కాదు. "మావయ్య గుట్టు దాచడానికే ఈ అమ్మాయి కుడి చేతిలో పెట్టి ఉండొచ్చు కదా?"

"పెట్టొచ్చు. నిచ్చెన తెచ్చి, రంగు పిండి, కుంచె పెట్టి, అంతా ప్రమాదంలా అమర్చి, ఆ తర్వాత నువ్వు అడక్కముందే నేనే చంపానని ఒప్పుకుంటుందా? తప్పించుకోవడానికి అంత కష్టపడ్డవాళ్ళు నీ జీపు కోసం ఎదురుచూస్తూ కూర్చోరు. పైగా ఇద్దరు దింపిన నిచ్చెనని ఒక్కతే ఎలా ఎక్కించింది? మలుపు దగ్గర గోడ గీరుడు చూశావు కదా. అది భుజమెత్తున ఉంది. ఈ పిల్ల భుజం ఎత్తున కాదు, నీ భుజం ఎత్తున. నిచ్చెన మోసినవాడు నీలాగే పొడగరి."

ఆ మాట తన నోట్లోంచి వచ్చాక గానీ చీమకు పొద్దున కింద విన్న మాట గుర్తు రాలేదు. 'అంత బరువు నిచ్చెన మెట్లెక్కించి' అన్నాడు చిన్న మావయ్య. అప్పటికి ఆమె లెక్కలోనూ ఇన్స్పెక్టర్ లెక్కలోనూ నిచ్చెన ఎప్పుడూ మేడ మీదే ఉంది. మెట్లెక్కించారన్న మాట ఇన్స్పెక్టర్ అనలేదు, ఆమె అనలేదు, ఈ పిల్ల కూడా ఇప్పుడే చెప్పింది.

ఆయన పెట్టించిన కాఫీ రుచి ఇంకా నాలుక మీదే ఉంది. మేనకోడల్ని విడిపించమని ఆయన నిజంగానే వేడుకున్నాడు. ఆ వేడుకోలులో నాటకమేమీ లేదు. ఈ పిల్లకు తల్లి లేదు. నిన్నటితో ఒక మావయ్య పోయాడు. మిగిలింది ఒక్కడు.

మెట్ల మీద అడుగుల చప్పుడయింది. చిన్న మావయ్య గుమ్మంలోకి వచ్చి ఆగాడు. ఎంతసేపటి నుంచి మలుపు దగ్గర నిలబడి వింటున్నాడో తెలియదు. చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయింది.

"జీపు వచ్చింది" అన్నాడు. ఎవరి వైపూ చూడలేదు.

"నిచ్చెన మెట్లెక్కించారని మీకెవరు చెప్పారండీ?" అని చీమ అడిగింది. గొంతు పెంచలేదు.

ఆయన ఆ ప్రశ్న విననట్టే ముందుకు నడిచాడు. మేనకోడలి పక్కనుంచి వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు.

"ఎడమ చేత్తోనా?" అన్నాడు. "అన్నయ్య ఎడమ చేత్తో గీస్తున్నాడా?"

ఆయన పుస్తకం అందుకున్నాడు. ఇన్స్పెక్టర్ అడ్డుపడబోతే చీమ కళ్ళతోనే వారించింది. ఆయన నిలబడే పేజీలు తిప్పాడు. నలిగిన సున్నాలు, చుక్కల మీద దిద్దినవి, ఒరిగిన కప్పులు. జీవితమంతా అన్న చిత్రాలను గోడలకు తగిలించిన మనిషి. గీత గురించి ఆయనకు ఒకరు విడమరిచి చెప్పనక్కర్లేదు. ఒక పేజీ దగ్గర ఆగిపోయాడు. అందులో కుర్చీలో నిద్రపోతున్న మనిషి ఉన్నాడు. పొడవాటి కాళ్ళు చాపుకుని, నోరు తెరుచుకుని, ఒక చెయ్యి కిందికి వేలాడేసి.

"పోయిన వారం వచ్చాను" అన్నాడు మెల్లగా. "బొమ్మలేవని అడగడానికి. అలిసిపోయి ఉన్నాను, ఇక్కడే కునుకు పట్టింది. లేచేసరికి పుస్తకం మూసేశాడు. ఏం గీస్తున్నావన్నయ్యా అంటే ఏమీ లేదన్నాడు." పేజీ మీద వేలు ఆనించాడు. "చెవి నాలుగుసార్లు గీశాడు చూడండి. నా చెవి కుదరలేదు అన్నయ్యకి."

"చిన్న మావయ్యా" అంది ఆ అమ్మాయి. అడగాలని కాదు, ఆపాలని అన్నట్టుగా అంది.

ఆయన ఆమె వైపు చూడలేదు.

"నిన్న మూడున్నరకి వచ్చాను. నువ్వు అప్పుడే వెళ్ళినట్టున్నావు. ఆ చిత్రం ఎలా ఉన్నదో అలాగే ఉంది. రెండు నెలలుగా ఒక్క కుంచె పెట్టలేదు. పరువు తీస్తున్నావన్నాను, బద్ధకమన్నాను. ఇంట్లో ఊరికే కూర్చుని నన్ను ముంచుతున్నావన్నాను. తువ్వాల్లో చెయ్యి పెట్టుకుని అలా చూస్తూ కూర్చున్నాడు. మాట్లాడవేం అని భుజం పట్టుకుని లేవదీసి తోశాను. మామూలు మనిషయితే చెయ్యి ఆనించుకుని ఆగుతాడండీ. ఆగలేదు. చెయ్యి చాపనే లేదు. ఎందుకు చాపలేదో నాకు రాత్రంతా అర్థం కాలేదు."

ఇన్స్పెక్టర్ కలం తీశాడు గానీ రాయలేదు.

"పిల్లని విడిపించమని మిమ్మల్ని పిలిచింది నేనే" అన్నాడు చీమతో. "ప్రమాదమని తేలుస్తారనుకున్నాను. తను నేనే చంపానంటుంటే వినలేకపోయాను."

"పడగానే ప్రాణం పోయిందా?" అని అడిగింది చీమ. అడగకుండా ఉంటే బాగుండునని ఆమెకే అనిపించింది. కానీ అది అడగాల్సిన ప్రశ్న.

ఆయన పుస్తకం మూసి మేనకోడలి ఒళ్ళో పెట్టాడు. కిటికీ బయట జీపు హారన్ ఒకసారి మోగి ఊరుకుంది.

"లేదు. కళ్ళు తెరిచే ఉన్నాడు. నీళ్ళు అడిగాడు. తేవడానికే కిందికి పరిగెత్తాను. మెట్ల కింద నిచ్చెన కనబడింది." ఆగాడు. "నిచ్చెన తీసుకుని పైకొచ్చేసరికి, అడగడం మానేశాడు."